ఏడో నంబరు మిషను

"ఏడో నంబరు బోల్టులు తిప్పింది నువ్వే కదూ?"

సుబ్బరావమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగింది. మిల్లులో మధ్యాహ్నం గంట కొట్టగానే బయల్దేరి, తలకు చుట్టుకున్న గుడ్డయినా విప్పకుండా ఇంటికొచ్చింది. కనుబొమల మీద దూది నుసి తెల్లగా పేరుకుని ఉంది.

ఆమె భర్త ఆదెయ్య మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. ఆపరేషను కుట్లు ఇంకా లాగుతున్నాయి. ఒక చెయ్యి పొట్ట మీద ఆనించుకునే ఉన్నాడు. పొద్దున ఆమె పెట్టి వెళ్ళిన అన్నం కంచం మీద మూత అట్లాగే ఉంది. గుంటూరు ఆసుపత్రి నుంచి వచ్చిన ఈ ఎనిమిది రోజుల్లో ఆ కంచం అట్లా మిగిలిపోవడం ఇది నాలుగోసారి.

"నిన్నే అడిగేది, మావా."

"దేన్ని గురించి?"

"నిన్న ఆదివారం, మిల్లు ఆపి ఉంటే, పనిముట్ల పెట్టె తెచ్చుకుంటానని పోయావు. పెట్టె తెచ్చుకోటానికి గంటన్నర పట్టిందా?"

"కుట్లేసిన మనిషిని. నిదానంగా నడిచాను."

"పొద్దున మిషన్లు వెయ్యగానే ఏడు, ఎనిమిది, పదకొండు, పన్నెండు, ఈ నాలుగు మిషన్లూ గింజ నమలటం మొదలెట్టినయ్. దూది నిండా గింజ ముక్కలే. శనివారం సాయంత్రం దాకా పాల నురుగులా వచ్చిన దూది ఒక్క ఆదివారంలో ఎట్లా చెడింది?"

"సిలారుగాణ్ణి అడుగు. ఇప్పుడు వాడేగా మేస్త్రీ."

సుబ్బరావమ్మ లోపలికి వచ్చి అతని ఎదుట నేల మీద కూర్చుంది.

"సిలారుది వదులు చెయ్యి. వాడు ఎంత బిగించినా ఇంకో అరచుట్టు మిగిలే ఉంటుంది. ఆ నాలుగు మిషన్ల బోల్టులూ నేను చేత్తో పట్టి చూశాను. అట్లా బిగించేవాడు ఆ మిల్లులో ఒక్కడే ఉన్నాడు."

 పక్కింట్లో రోట్లో మిరపకాయలు దంచుతున్నారు. ఘాటుకు ఇద్దరికీ దగ్గొచ్చింది. ఇద్దరూ అణుచుకున్నారు.

"ఆ మాట మేనేజరుకి చెప్పావా?" అన్నాడు చివరికి.

"లేదు."

"ఏం?"

"చెప్పేముందు నీ మొహం చూద్దామనుకున్నా. చూశాను."

అంతే, ఆదెయ్య గొంతు లేచింది.

"చూశావుగా! చూసుకో! చేతివేళ్ళు రెండు నలగ్గొట్టుకుని నేర్చుకున్న పని నాది. నాకెవడూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను ఆసుపత్రిలో కాళ్ళు చాపుకుని పడుంటే, నువ్వు నా పనంతా తీసికెళ్ళి మంచినీళ్ళ కుండల కాడ అందరికీ పంచిపెట్టావు. ఆ మాట కూడా నీ నోట వినలేదు నేను. పక్క మంచం వాణ్ణి చూడ్డానికొచ్చిన వాడెవడో చెప్తే విన్నాను."

"రెండో షెడ్డు మూసేస్తామన్నారు, మావా."

"మూసుకోనీ!"

"పన్నెండు మిషన్లు. పన్నెండుమంది ఆడోళ్ళం. మూసుకోనీ అంటే సరిపోయిందా?"

పత్తిని గింజ నుంచి విడదీసే ఆ మిషన్లలో తోలు రోలరుకూ ఇనప కత్తికీ నడుమ ఉండే సందే ప్రాణం. అది కాస్త ఎక్కువైతే దూది గింజకే అంటుకుపోతుంది. కాస్త తక్కువైతే గింజ నలిగి దూదిలో కలుస్తుంది. బోల్టులు తిప్పి ఆ సందు సర్దడం చిలకలూరిపేట మిల్లులో ఆదెయ్య ఒక్కడికే తెలుసు. సర్దేటప్పుడు చుట్టూ ఎవర్నీ ఉండనిచ్చేవాడు కాదు. అతను ఆసుపత్రిలో చేరిన వారానికే మిషన్లు ఒకదాని వెంట ఒకటి చెడుతూ వచ్చాయి. కోయంబత్తూరు వ్యాపారులు దూదిని వెనక్కి పంపారు.

అప్పుడు సుబ్బరావమ్మ నోరు తెరిచింది. పద్దెనిమిదేళ్ళు మిషను నోట్లో పత్తి వేసిన మనిషి. చప్పుడు ఎప్పుడు మారుతుందో, మారితే ఏ పక్క కత్తి జరిగినట్టో ఆమె చెవులకు తెలుసు. అది ఫిట్టరు సిలారుకు చెప్పింది. సిలారు తనకు తెలిసింది చెప్పాడు. తడి పత్తిని వాసన పట్టే సంగతి గురవమ్మ చెప్పింది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క ముక్క ఉంది. అన్నీ ఒకచోట పెట్టేసరికి రెండు వారాల్లో మిల్లు మునుపటికంటే బాగా నడిచింది. ఆదెయ్యను కోసింది సరిగ్గా అదే.

"నీకు వినుకొండ సంగతి తెలీదు," అన్నాడతను. కోపం దిగిపోయి గొంతు బొంగురుపోయింది.

"ఏం తెలీదు? మేస్త్రీతో గొడవపడి మిల్లు మానేసి వచ్చావు. తెలీకేం."

"నేను మానెయ్యలేదే. తీసేశారు."

సుబ్బరావమ్మ తలెత్తింది.

"పీరు అని ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. మంచోడని దగ్గర కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. ఆర్నెల్లలో నాకంటే బాగా సర్దేవాడు. సంబరపడ్డాను కూడా. ఒకరోజు ఓనరు పిలిచి, ఒక పనికి ఇద్దరెందుకు ఆదెయ్యా, అన్నాడు. తక్కువ జీతానికి వాడు చేస్తానన్నాడంట. అప్పటికి పెద్దపిల్ల నీ కడుపులో ఉంది. తీసేశారని నీతో చెప్పలేక, గొడవపడి వచ్చేశానన్నాను."

సుబ్బరావమ్మకు ఇరవై రెండేళ్ళ కిందట వినుకొండ బస్టాండులో ట్రంకుపెట్టె మీద కూర్చుని, ఇతనికి ఎంత పౌరుషమో అని తను లోలోపల మురిసిపోవడం గుర్తొచ్చింది.

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏం చేసేదాన్నో నాకూ తెలీదు. కానీ తెలిసుంటే, సిలారుతో చెప్పేముందు ఆసుపత్రికొచ్చి నీ మంచం పక్కన కూర్చుని ఒక్క మాట అడిగేదాన్ని. నేనూ తప్పే చేశాను. కాదన్ను." ఆమె లేచింది. "అయితే నువ్వు చేసింది తప్పు కాదు మావా, పాపం. రేపు మధ్యాహ్నం ఓనరు జానకిరామయ్యగారు వస్తున్నారు. సిలారుని మూటలు మొయ్యటానికి పంపేస్తారంట. వాడి నడుం సంగతి నీకు తెలుసు."

"నన్నేం చెయ్యమంటావు?"

"రేపు పొద్దున గంట కొట్టేలోపు నువ్వన్నా చెప్పాలి, నేనన్నా చెప్పాలి."

కంచం మీద మూత తీసి అతని ముందుకు జరిపి, తను మాత్రం ఏమీ తినకుండానే వెళ్ళిపోయింది.

*

మిల్లుకు తిరిగి వచ్చేసరికి సిలారు ఏడో నంబరు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో రెంచి ఉంది కానీ మిషను మీద చెయ్యి వెయ్యడం లేదు.

"ఇంకా సర్దలేదేం?"

"ఇక నేను చెయ్యి పెట్టను అక్కా." సిలారు నలభై దాటినవాడు, మీసం నెరుస్తోంది. గొంతు మాత్రం దెబ్బతిన్న పసివాడిలా ఉంది. "శనివారం నువ్వు చెప్పినట్టే సర్దాను. చప్పుడు బాగానే ఉందన్నావు. తెల్లారేసరికి ఇట్లా అయింది. నువ్వు చెప్పింది తప్పా, నా చెయ్యి తప్పా? ఏదీ తెలీనప్పుడు ముట్టుకోకుండా ఉండటమే మేలు."

"నీ చెయ్యి తప్పు కాదు."

"మరి?"

సుబ్బరావమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగింది. "రేపు చెప్తా," అంది.

"రేపా? రేపటికి నేను మూటల కింద ఉంటాను."

అతను లేచి వెళ్ళి గోడవార నిలబడ్డాడు. ఆమె తన మిషను దగ్గరకు వెళ్ళింది కానీ చేతులు పని మీద నిలవలేదు. పత్తి వేస్తుంటే దోసిట్లోంచి జారిపోతోంది. గేటు వైపు చూడటం, సిలారు వైపు చూడటం, మళ్ళీ పత్తి వెయ్యటం.

మూడు గంటలప్పుడు మూడో నంబరు దగ్గర తోలు కాలిన వాసన వచ్చింది. బెల్టు జారి మిషను ఆగింది. రోలరుకు తడి పత్తి చుట్టుకుపోయింది. నీళ్ళ బక్కెట్లతో పరుగులు పెట్టారు. పొగ తప్ప మంట లేవలేదు.

సుబ్బరావమ్మ గురవమ్మ దగ్గరకొచ్చింది. పత్తి కుప్పల దగ్గర ఏరేది ఆమే.

"అది తుళ్లూరు నుంచి వచ్చిన కుప్ప కదే గురవమ్మా. తడుందని నీకు తెలీలేదూ?"

"తెలిసింది."

"తెలిసి ఎట్లా పంపావే!"

"చెప్తే రేపు అదీ నా తప్పయి కూర్చుంటుంది." గురవమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "సిలారు గతి చూశాంగా. నోరు మూసుకుని ఎత్తినంత ఎత్తి పోస్తే ఎవడూ ఏమనడు. నీ మాట నమ్మి నోళ్ళు తెరిచాం, చాల్లే తల్లీ."

 తడి పత్తి కంటే, పొగ కంటే, ఆ మాట సుబ్బరావమ్మను ఎక్కువ భయపెట్టింది.

*

మంగళవారం పొద్దున మంచినీళ్ళ కుండల దగ్గర అందరూ చేరారు. గంట కొట్టేముందు పది నిమిషాలు అక్కడ కూర్చుని, నిన్న ఎవరికి ఏం తెలిసిందో చెప్పుకోవడం మూడు వారాలుగా అలవాటయింది. అది కొత్త మేనేజరు అనంతపద్మనాభం పెట్టిన పద్ధతి. ముప్ఫై ఏళ్ళవాడు, కళ్ళజోడు. ఆడకూలీలను కూడా గారు అని పిలుస్తాడు. ఎవరేం చెప్పినా నోటుబుక్కులో రాసుకుంటాడు.

"చెప్పండి," అన్నాడు.

ఎవరూ చెప్పలేదు.

"గురవమ్మగారూ?"

"ఏముందండీ చెప్పటానికి."

"సిలార్?"

సిలారు తలొంచుకున్నాడు. అనంతపద్మనాభం కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఎవర్నో పట్టివ్వమని కాదు నేనడిగేది. మిషన్లు ఎందుకు చెడ్డాయో తెలిస్తే చాలు. మధ్యాహ్నం జానకిరామయ్యగారొస్తే నేనేం చెప్పను? మీరు చెప్పింది రాసుకుని ఆయనకు చూపించాను. ఇప్పుడు అదంతా ఉత్తదంటారు."

సుబ్బరావమ్మ గేటు వైపు చూసింది. పొద్దున ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఆదెయ్య అటు తిరిగి పడుకునే ఉన్నాడు. పిలిచినా పలకలేదు. గంట కొట్టడానికి ఇంకా రెండు మూడు నిమిషాలే ఉంది. ఆమె చీర చెంగు నడుముకు బిగించి లేచి నిలబడింది.

"బాబుగారూ..."

"నువ్వు కూర్చో."

అందరూ వెనక్కి తిరిగారు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆదెయ్య గేటు నుంచి నడిచి వస్తున్నాడు. రెండో చేతిలో పనిముట్ల పెట్టె ఉంది. దాని బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు. సిలారు గబుక్కున వెళ్ళి ఆ పెట్టె అందుకోబోయాడు. ఆదెయ్య ఒక్క క్షణం ఆగి, ఇచ్చాడు.

"సిలారు తప్పేం లేదండీ," అన్నాడు మేనేజరుతో. "ఆ నాలుగు మిషన్లూ ఆదివారం నేనే బిగించాను. కావాలనే."

గుంపులో ఎవరో "ఆఁ!" అన్నారు. గురవమ్మ సుబ్బరావమ్మ ముఖంలోకి చూసింది.

"ఎందుకు మేస్త్రీగారూ?" అన్నాడు అనంతపద్మనాభం.

"అది ఇంతమందిలో చెప్పే సంగతి కాదు. ముందు మిషను కాడికి రండి."

ఏడో నంబరు దగ్గర అందరూ చుట్టూ మూగారు. ఆదెయ్య మిషను సర్దుతుంటే చుట్టూ మనుషులు ఉండటం ఆ మిల్లులో అదే మొదలు. అతనికీ ఇబ్బందిగానే ఉంది. ఒకటికి రెండుసార్లు వెనక్కి చూశాడు.

"ఒరేయ్ సిలారూ, ఇటు రా. చెయ్యి ఇక్కడ పెట్టు. ఇక్కడ కాదురా, కత్తి వీపు మీద. ఆఁ. కళ్ళతో చూడకు. చూస్తే ఏం తెలీదు. రోలరు చేత్తో తిప్పు. ఏం తగిలింది?"

"గరగరమంటోంది."

"ఎడం పక్కా, కుడి పక్కా?"

"ఎడం పక్క."

"అయితే మొదట వదలాల్సింది కుడి పక్క."

"అదేంటి మేస్త్రీ? గరగర ఎడం పక్కనైతే..."

"అదేరా తెలుసుకోవాల్సింది. కుడి పక్క ఎక్కువ బిగిస్తే కత్తి ఎడం పక్కకు ఒరిగి అక్కడ నొక్కుతుంది. నువ్వు నెప్పి ఉన్నచోట మందు రాస్తున్నావు."

సిలారు నవ్వాడు. ఆదెయ్య కూడా నవ్వబోయి, కుట్లు లాగి, ముఖం చిట్లించాడు. అనంతపద్మనాభం గబగబా రాసుకుంటున్నాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కత్తి వీపు మీద చెయ్యి పెట్టి చూశారు. గురవమ్మ కూడా చూసింది. చూసి, "బాబుగారూ, ఆ తుళ్లూరు కుప్ప ఇంకా తడిగానే ఉంది, ఈ పూట ఎండలో వేయించండి," అంది ఎటో చూస్తూ.

సుబ్బరావమ్మకు గుండె కాస్త కుదుటపడింది. అప్పుడే అడగాలనిపించింది.

"బాబుగారూ, ఒక్క మాట. నేర్పినవాణ్ణి పనిలోంచి తియ్యం అని మీరు మాటివ్వాలి. ఈయనకనే కాదు. సిలారుకి, గురవమ్మకి, నాకు, అందరికీ."

అనంతపద్మనాభం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"ఆ మాట నేనిస్తే చెల్లదండీ. జానకిరామయ్యగారివ్వాలి. నేను అడుగుతాను. తప్పకుండా అడుగుతాను."

ఆదెయ్య వంగి ఉన్నవాడు వంగే ఉన్నాడు. కానీ అతని చేతులు ఆగడం సుబ్బరావమ్మ చూసింది. ఆ తర్వాత అతను ఎక్కువ మాట్లాడలేదు. మిగతా మూడు మిషన్లూ సిలారు చేతే చేయించి, "అంతే, ఇంకేం లేదు, వేసుకోండి," అన్నాడు. వెళ్ళి గోడవార దూది బేళ్ళ మీద కూర్చున్నాడు.

అరగంట ఆలస్యంగా మిల్లు గంట కొట్టారు. మిషన్లు లేచాయి. ఏడో నంబరు నుంచి దూది తెల్లగా, శుభ్రంగా జారింది. సిలారు దోసిట్లోకి తీసుకుని అందరికీ చూపించాడు.

*

గంట గడిచింది.

సుబ్బరావమ్మ పత్తి వేస్తూ చెవి ఒగ్గింది. చప్పుడు మారింది. ఇంకెవరికీ వినపడనంత సన్నగా, లోపలెక్కడో, గింజ నలిగే చప్పుడు. కాసేపటికి సిలారుకూ వినపడింది. అతను ఏడో నంబరు దగ్గరకు పరుగెత్తి, చెవి పెట్టి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అన్నీ చెప్పినట్టే చేశాను కదా అక్కా! మళ్ళీ ఇదేంటి?"

ఆమె బేళ్ళ వైపు చూసింది. ఆదెయ్యకు ఆ చప్పుడు వినపడుతోంది. వినపడకుండా ఎట్లా ఉంటుంది? అతను మాత్రం తన నలిగిన వేళ్ళకేసి చూసుకుంటున్నాడు.

ఆమెకు అప్పుడు తట్టింది. ఈ పద్దెనిమిదేళ్ళలో ఆదెయ్య రోజూ పొద్దున మిషన్లు లేచిన గంటకు తన మిషను దగ్గరకు వచ్చేవాడు. "నీళ్ళున్నయ్యా?" అనేవాడు. ఆమె చెంబు అందుకోవడానికి అటు తిరిగేది. తాగి, మిషను పక్కన ఒకసారి చెయ్యి ఆనించి, వెళ్ళిపోయేవాడు. తరవాత మిగతా మిషన్ల వైపు ఒక చుట్టు తిరిగేవాడు. తోటివాళ్ళు ఆమెను ఆటపట్టించేవాళ్ళు. గంటసేపు చూడకపోతే ఉండలేడే నీ మొగుడు, అని. ఆమె సిగ్గుపడేది. అవుననే అనుకునేది.

అతను వచ్చేది బోల్టు కోసం.

రోలరు తిరిగి తిరిగి వేడెక్కితే తోలు పొంగుతుంది. పొంగితే కత్తికీ దానికీ మధ్య సందు తగ్గిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎంత బాగా సర్దినా సరే, గంటయ్యాక వచ్చి బోల్టు వెంట్రుకవాసి వదలాలి. ఇన్నాళ్ళూ సిలారు వదులు చెయ్యే ఆ పొంగుకు చోటిచ్చింది, ఇవాళ ఆదెయ్య కొలతకు బిగించేసరికి ఆ చోటు లేకుండా పోయింది. ఆ చిన్న సంగతి ఒక్కటీ ఆదెయ్య చెప్పలేదు. అంతా పంచి, అదొక్కటి గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమెకు పద్దెనిమిదేళ్ళ సిగ్గంతా ఒక్కసారి ఎవరో వెనక్కి లాక్కున్నట్టయింది. అట్లాగని అతను తన వైపు చూసిందీ లేకపోలేదు. రెండూ నిజమేనేమో. ఏది ఎంతో ఇప్పుడు తేల్చుకునే తీరిక లేదు.

"అక్కా, నీకేమన్నా తెలుసా?" సిలారు అడుగుతున్నాడు.

చెప్పెయ్యొచ్చు. ఒక్క ముక్క. చెప్తే సిలారు నిలబడతాడు, షెడ్డు నిలబడుతుంది. చెప్పకపోతే మధ్యాహ్నానికి ఆదెయ్య పనిలో నిలబడతాడు. మేనేజరు మాట ఇవ్వలేనన్నాడు. వినుకొండలో కూడా ఎవరూ ఇచ్చి ఉండరు.

గేటు దగ్గర కారు హారను మోగింది. జానకిరామయ్యగారు రెండు గంటలు ముందే వచ్చేశారు. అనంతపద్మనాభం నోటుబుక్కు చంకలో పెట్టుకుని అటు నడిచాడు.

సుబ్బరావమ్మ కుండ దగ్గరకు వెళ్ళి చెంబు ముంచింది. తన మిషను దగ్గరకు కాకుండా తిన్నగా ఏడో నంబరు దగ్గరకు వెళ్ళి, దాని పక్కనున్న చెక్క మీద చెంబు పెట్టింది. మిషన్ల హోరు దాటేలా గొంతెత్తి పిలిచింది.

"మావా! గంటయింది. నీళ్ళు తాగుదువు రా."

సిలారుకు అర్థం కాలేదు. గురవమ్మ కిసుక్కున నవ్వింది.

ఆదెయ్య తలెత్తాడు. చెంబు వైపు చూశాడు. చెంబు పక్కన బోల్టు వైపు చూశాడు. ఆ తర్వాత భార్య ముఖంలోకి చూసి, ఆమెకు తెలిసిపోయిందని గ్రహించాడు.

ఆమె పిలవాల్సింది పిలిచింది.

ఆదెయ్య పొట్ట మీద చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. అతనికి ఒక పక్క ఏడో నంబరు. ఇంకో పక్క, కారు దిగి మేనేజరుతో మాట్లాడుతూ షెడ్డు వైపే వస్తున్న జానకిరామయ్య.

మిషను లోపల గింజ నలుగుతూనే ఉంది.